ఎండ పెరిగింది, యూనిట్లు తగ్గాయి: మా డాబా మీది 3 కిలోవాట్ల సోలార్ సంగతి

లాసన్స్‌బే_డాబా | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. జనవరిలో విశాఖ లాసన్స్‌బేలో మా ఇంటి మీద సోలార్ పెట్టించాను. 540 వాట్ల ప్యానెళ్ళు 6, మొత్తం 3.24 కిలోవాట్లు. బ్యాటరీ లేదు, నెట్ మీటర్ (లైన్లోకి మేం పంపిందీ, లైన్ నుంచి వాడిందీ రెండూ లెక్కపెట్టేది) ఉంది. ప్యానెళ్ళు దక్షిణం వైపు వాలి ఉన్నాయి, చుట్టుపక్కల మాకంటే ఎత్తయిన ఇళ్ళు లేవు. బీచ్ రోడ్డుకి నాలుగు వీధులు లోపల ఉంటాం.

ఫిబ్రవరిలో రోజుకి 13, 14 యూనిట్లు వచ్చేవి. సాయంత్రం కాగానే యాప్ తెరిచి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు మే. డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. యాప్‌లో మాత్రం 11. నిన్నయితే 10.6.

మా ఆవిడ అడిగింది: "ఎండకి కరెంటొస్తుందనే కదా రెండు లక్షలు పోశారు. ఎండ ముదిరితే కరెంటు తగ్గడమేంటి?" నా దగ్గర జవాబు లేదు. పెట్టినతనికి ఫోన్ చేస్తే "వేడి సార్, సమ్మర్‌లో అందరికీ అంతే" అని పెట్టేశాడు. నిజమేనా?

మా అత్తగారిది ఇంకో ప్రశ్న. "మోటారు లేదు, చక్రం లేదు, చప్పుడు లేదు. అద్దం కింద నీలం రేకులోంచి కరెంటు ఎలా పుడుతుంది నాయనా?" నేను ఫిజిక్స్ పుస్తకం మూసి ముప్పై ఏళ్ళయింది. ఆవిడకి అర్థమయ్యేలా ఎవరైనా చెబితే పుణ్యం ఉంటుంది.

మర్రిపాలెం_మావయ్య | శనివారం, రాత్రి 9:31

దుమ్ము. కడగండి.

లాసన్స్‌బే_డాబా | శనివారం, రాత్రి 9:40

కడుగుతూనే ఉన్నానండీ. వారానికోసారి, బోరు నీళ్ళతో, పైపు పెట్టి.

అక్కయ్యపాలెం_అనూ | శనివారం, రాత్రి 9:52

అయ్యో, బోరు నీళ్ళా! మా బాత్రూమ్ కుళాయి చుట్టూ పేరుకునే తెల్లటి గార చూశారా? అదే ప్యానెల్ మీదా పేరుకుంటుంది. ఎండలో నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. మాకూ ఇదే జరిగింది. మున్సిపల్ నీళ్ళు రెండు బకెట్లు పట్టుకెళ్ళి, మెత్తటి గుడ్డ కట్టిన కర్రతో తెల్లవారుజామునే తుడవండి. మధ్యాహ్నం మాత్రం వద్దు, కాలుతున్న అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు.

సింధు_ఈఈఈ | శనివారం, రాత్రి 10:25

మీ ఇన్‌స్టాలర్ చెప్పింది సగం నిజం. ఆ సగమేదో లెక్క వేద్దాం.

ముందు ఒక మాట. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. అద్దాలతో ఎండని ఒకచోటికి పోగుచేసి, నీళ్ళు మరిగించి, ఆవిరితో టర్బైన్ తిప్పే సోలార్ ప్లాంట్లు వేరే ఉన్నాయి. వాటికి వేడే ప్రాణం. మన డాబాల మీదివి అవి కావు. వీటికి వేడి శత్రువు.

ప్యానెల్ మీద 540 అని రాస్తారే, అది ల్యాబ్‌లో పరీక్ష పెట్టినప్పటి అంకె. చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు, లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉంటే 540 వాట్లు ఇస్తుందని అర్థం. మన ఊళ్ళో పట్టపగలు 25 డిగ్రీల సెల్ ఎక్కడ దొరుకుతుంది? గాలి 35 ఉంటే సెల్ 60 దాటిపోతుంది. సెల్ వేడెక్కుతున్నకొద్దీ దాని వోల్టేజ్ పడిపోతుంది. మీ ప్యానెల్ స్పెసిఫికేషన్ కాగితంలో ఒక మైనస్ అంకె ఉంటుంది చూడండి, డిగ్రీకి సుమారు 0.35 శాతం.

ఇప్పుడు లెక్క. ఫిబ్రవరి మధ్యాహ్నం సెల్ 55 డిగ్రీలనుకోండి. 25 కంటే 30 ఎక్కువ, కాబట్టి 10.5 శాతం పోయింది. మేలో 65 అనుకోండి. 40 ఎక్కువ, 14 శాతం పోయింది. రెంటికీ తేడా మూడున్నర శాతం. 14 యూనిట్ల మీద అర యూనిట్.

మీకు తగ్గింది అర యూనిట్ కాదు, మూడు యూనిట్లు. పైగా మేలో పగలు పొడుగు. సూర్యుడు మే రెండో వారంలో సరిగ్గా మన నడినెత్తి మీదకి వస్తాడు కాబట్టి దక్షిణానికి వాలిన ప్యానెల్‌కి కొంచెం నష్టమే, కానీ అది పొడుగు పగలుతో సరిపోతుంది. అంటే మిగతా రెండున్నర యూనిట్లు ఎక్కడికి పోతున్నాయన్నదే అసలు ప్రశ్న. యాప్‌లో ఒక రోజు గ్రాఫ్ ఎలా ఉందో చెప్పండి.

అత్తగారి ప్రశ్నకి రేపు రాస్తా. అది తీరిగ్గా రాయాల్సింది.

పరవాడ_ప్రశ్న | శనివారం, రాత్రి 11:02

ఏం సోలారో ఏమిటో. పగలు మురిపెం, రాత్రికి మళ్ళీ బొగ్గే గతి. నిన్నగాక మొన్నొచ్చిన వస్తువుని నమ్మి లక్షలు పోయడం నాకెప్పుడూ అర్థం కాదు.

సింధు_ఈఈఈ | శనివారం, రాత్రి 11:20

నిన్నగాక మొన్న వచ్చింది కాదండీ. వెలుతురు పడితే కరెంటు పుడుతుందని ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకరెల్ కనిపెట్టింది 1839లో. పనికొచ్చే సిలికాన్ సెల్ అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1954లో చూపించారు. అప్పుడది పడిన వెలుతురులో 6 శాతం మాత్రమే కరెంటుగా మార్చేది. ఇప్పుడు ఈయన డాబా మీదిది 21 శాతం దాకా మారుస్తుంది.

రాత్రి సంగతి మీరన్నది నిజమే, కాదనను. మీ పరవాడలోనే సింహాద్రి థర్మల్ స్టేషన్ 2000 మెగావాట్లు. రాత్రి మన ఫ్యాన్లు అలాంటి వాటి పుణ్యమే. కానీ ఆ సింహాద్రి రిజర్వాయర్ నీళ్ళ మీదే 2021లో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ పెట్టారు, లక్ష పైచిలుకు ప్యానెళ్ళు. బొగ్గు కాల్చేవాళ్ళే పెట్టుకున్నారంటే లెక్క కుదరకుండా పెట్టుకోరు కదా.

పరవాడ_ప్రశ్న | శనివారం, రాత్రి 11:26

చూశాను, బస్సులోంచి. బాగానే మెరుస్తుంది.

లాసన్స్‌బే_డాబా | ఆదివారం, ఉదయం 7:15

అనూ గారూ, మీరు చెప్పినట్టే పొద్దున్నే తుడిచాను. గోరుతో గీకితే తెల్లగా లేచింది, అంచుల్లో అయితే పొరలా ఉంది. రెండుసార్లు తుడవాల్సొచ్చింది. ఇవాళ ఎన్ని యూనిట్లొస్తాయో రాత్రికి చెప్తా.

సింధు_ఈఈఈ | ఆదివారం, ఉదయం 10:40

ఇది అత్తగారికి. చదివి వినిపించండి.

అమ్మా, సింహాచలంలో చందనోత్సవం రోజు క్యూ లైన్ గుర్తు తెచ్చుకోండి. ఇనప గొట్టాల మధ్య జనం ఇరుక్కుని కూర్చుని ఉంటారు. ఎవరూ కదలరు. సిలికాన్ అనేది ఇసుకలోంచి తీసే పదార్థం. దానిలో ఎలక్ట్రాన్లు అనే బహు చిన్న రేణువులు అలాగే ఎవరి చోట వాళ్ళు అతుక్కుని ఉంటాయి. ఎండలోని వెలుతురు వచ్చి ఒక్క తట్టు తడితే ఆ చోటులోంచి లేచి తిరగడం మొదలెడతాయి.

ఊరికే లేస్తే లాభం లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ ఏదో ఖాళీ చూసుకుని కూలబడిపోతాయి, ఆ శక్తి వేడిగా పోతుంది. అందుకని ఒక ఏర్పాటు చేశారు. సిలికాన్ పలకలో ఒక పక్క ఫాస్ఫరస్, ఇంకో పక్క బోరాన్ చిటికెడంత కలిపారు. ఆ రెండు పక్కలూ కలిసే చోట లోపల్లోపలే ఒక గుంజు ఏర్పడుతుంది. అది దర్శనం క్యూలో ఒకవైపే తెరుచుకునే గేటు లాంటిది. లేచిన ఎలక్ట్రాన్‌ని ఒక పక్కకే తోస్తుంది, వెనక్కి రానివ్వదు. మరి దాని పాత చోటికి ఎలా వెళ్ళాలి? బయటి దారి పట్టుకుని చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆ బయటి దారే మన వైరు. తిరిగొచ్చే దారిలో మీ ఫ్యానూ ఫ్రిజ్జూ కూర్చున్నాయి, వాటి పని చేసిపెట్టి వస్తాయి. అందుకే చక్రం అక్కర్లేదు, చప్పుడూ లేదు. తిరిగేవన్నీ కంటికి కనపడనివే.

ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్ట్‌కి కాస్త పైన. టార్చిలైటు బ్యాటరీలో సగం కూడా కాదు. అందుకే వాటిని వరసగా దండలా గుచ్చుతారు. మీ ప్యానెల్ ఒక్కోటి పనిచేసేటప్పుడు 41 వోల్టుల చుట్టూ ఉంటుంది, ఆరూ కలిపి దాదాపు 250 వోల్టులు. ఇది డీసీ, ఒకే దిక్కుకి పోయేది. ఇంట్లో వాడే ఏసీ సెకనుకి 50 సార్లు వెనక్కీ ముందుకీ ఊగుతుంది. డీసీని కోసి కోసి ఆ ఊపులోకి తెచ్చేదే మెట్ల దగ్గర గోడకున్న ఇన్వర్టర్ డబ్బా.

అల్లుడు గారికి ఒక ముక్క. ఒక సెల్ మీద నీడ పడితే దండ మొత్తానికి దెబ్బ. ఒక్కడు ఆగితే వెనక క్యూ అంతా ఆగినట్టే. అందుకే ప్యానెల్ వెనక బైపాస్ డయోడ్లు పెడతారు, ఆగినవాణ్ణి పక్కన వదిలి మిగతావాళ్ళు వెళ్ళిపోయే సందు అన్నమాట. ప్యానెల్ మీద కాకి రెట్టని చిన్న విషయం అనుకోకండి.

మర్రిపాలెం_మావయ్య | ఆదివారం, ఉదయం 11:05

చందనోత్సవం క్యూలో ఎలక్ట్రాన్లు! సింహాద్రి అప్పన్నా.

భీమిలి_గాలి | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాదీ ఇలాంటి 3 కిలోవాట్ల ప్లాంటే. నా గోల వేరు. వీధిలో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతుంది! పైన ఎండ దంచుతోంది, ప్యానెళ్ళు నిక్షేపంగా ఉన్నాయి, ఇంట్లో మాత్రం విసనకర్రలు. ఇదెక్కడి న్యాయం? మా పక్కింటాయన అడిగి మరీ నవ్వుతున్నాడు.

మీటర్_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నాను సెప్తాను ఇను బాబూ. నాను లైన్‌మేన్‌గా సేసి రిటైరయినోణ్ణి. నీ ఇన్వర్టర్ ఆగిపోడం తప్పు కాదు, అదే దాని బుద్ధి. లైన్ల కరెంటు నేదని తెలిస్తే అది కూడా నోరు మూసుకోవాల. ఎందుకో సెప్పనా? కరెంటు తీసేసి స్తంభం ఎక్కినోడు లైన్ సచ్చిందనుకుని సెయ్యి ఏస్తాడు. నీ డాబా మీద నుంచి ఆ లైన్లకి కరెంటు ఎదురొస్తే ఆడి బతుకేటి?

హుద్‌హుద్ తుపాను వొచ్చింది సూడు, 2014 అక్టోబర్ 12న. ఊళ్ళో స్తంభాలు పుల్లలు ఇరిగినట్టు ఇరిగిపోయాయి. ఆ రోజుల్లో తిండీ నిద్రా నేకుండా లైన్లు కట్టాం. కొందరు ఇళ్ళల్లో జనరేటర్ పెట్టి, మెయిన్ ఆపకుండానే బోర్డుకి కలిపేసేవోరు. లైన్ తట్టే ముందు పతీసారీ టెస్టర్ పెట్టి, దండం పెట్టుకుని ముట్టుకునేవోళ్ళం. నాకింకా గుండె దడే. అందుకే ఈ ఆగిపోయే ఇన్వర్టర్ని నాను మెచ్చుకుంటాను. కరెంటు పోయినా ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ ఉన్న రకం పెట్టుకో, అది లైన్ నుంచి ఇడిపోయి ఇంటికి మటుకే ఇస్తాది. ఖర్సు ఎక్కువ మరి.

భీమిలి_గాలి | ఆదివారం, మధ్యాహ్నం 2:18

ఇది ఎవరూ ఇలా చెప్పలేదు బాబాయ్. ఇక విసనకర్రే పట్టుకుంటా.

లాసన్స్‌బే_డాబా | ఆదివారం, రాత్రి 8:45

ఇవాళ 11.2. ఇదివరకు ఈ వారమంతా 10.8 దగ్గర ఉంది. గార వదిలించినందుకు 0.4 వచ్చింది. సంతోషమే, కానీ 13 ఎక్కడ, 11.2 ఎక్కడ.

సింధు గారు అడిగిన గ్రాఫ్ చూశాను. పొద్దున 6 నుంచి 11 దాకా నున్నగా కొండెక్కినట్టు ఉంది. 11 నుంచి ఒంటిగంటన్నర దాకా దువ్వెన పళ్ళు. నిలువునా సున్నాకి పడుతుంది, కొద్ది నిమిషాలకి మళ్ళీ పైకి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. రెండు దాటాక మళ్ళీ నున్నగా దిగిపోయింది. మబ్బులు అనుకున్నా, కానీ ఇవాళ ఆకాశంలో మబ్బు తునక లేదు. పాత రోజులు వెనక్కి వెళ్ళి చూశాను. ఫిబ్రవరిలో పళ్ళు లేవు. మార్చి చివర్లో రోజుకి ఒకటి రెండు. ఇప్పుడు పూర్తి దువ్వెన.

అక్కయ్యపాలెం_అనూ | ఆదివారం, రాత్రి 8:58

మబ్బయితే సున్నాకి పోదండీ. మబ్బులోనూ ఎంతో కొంత వస్తుంది.

సింధు_ఈఈఈ | ఆదివారం, రాత్రి 9:06

అనూ సరిగ్గా పట్టుకుంది. సున్నాకి పడిందంటే ప్యానెళ్ళు ఇవ్వక కాదు, ఇన్వర్టరే చేతులెత్తేసింది. అదీ ఉత్పత్తి బాగా ఎక్కువున్నప్పుడే. మన ఊళ్ళో గడియారంలో 12 అయితే సూర్యుడికీ దాదాపు 12 అయినట్టే, మన దేశపు టైముకి లెక్క తీసుకునే రేఖాంశం కాకినాడకి దగ్గర్లోంచి పోతుంది. కాబట్టి 11 నుంచి ఒకటిన్నర అంటే శిఖరం చుట్టూ ఉన్న సమయం. ఇన్వర్టర్‌లో ఎర్రర్ లిస్టు ఉంటుంది, అందులో ఏముంది?

లాసన్స్‌బే_డాబా | ఆదివారం, రాత్రి 9:20

"గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని వరసగా 14 సార్లు. ఇవాళ ఒక్కరోజే. అంటే వీధిలోకే ఎక్కువ వోల్టేజ్ వస్తోందా? సబ్‌స్టేషన్‌లో ఫిర్యాదు చెయ్యాలా?

మీటర్_బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:48

ఆగు, ఆగు. ఆళ్ళ మీదకి ఎళ్ళకముందు ఇంట్లో సూడు. ఎండాకాలం మజ్జానం వీధిల పతీ ఇంట్ల ఏసీ నడుస్తాది, అప్పుడు లైన్ వోల్టేజ్ దిగుతాది గానీ పెరగదు. నీకు పెరుగుతున్నాదంటే పెరిగేది వీధిల కాదు, నీ ఇన్వర్టర్ కాడ.

రేపు 11 దాటాక ఒక పని సెయ్యి. నువ్వు ఇన్వర్టర్ కాడ నిలబడు. ఇంకొకర్ని కింద మీటర్ కాడ నిలబెట్టు. మీటర్ల వోల్టేజ్ అంకె తిరుగుతా వొస్తాది. ఇద్దరూ ఒకే తూరి సూసి రాసుకోండి. ఆంపియర్లు కూడా రాసుకో. ఏ డబ్బా మూతా తియ్యొద్దు, ఒట్టినే సూడండి అంతే.

కంచరపాలెం_కొత్త | ఆదివారం, రాత్రి 10:15

మేమూ పెట్టుకుందామనుకుంటున్నాం. 3 కిలోవాట్లు పెడితే రోజుకి 3 యూనిట్లేనా? సబ్సిడీ ఎంత?

అక్కయ్యపాలెం_అనూ | ఆదివారం, రాత్రి 10:32

కాదండీ. కిలోవాట్ అనేది కుళాయి ఎంత లావన్నది, యూనిట్ అనేది బకెట్‌లో పడిన నీళ్ళు. ఒక కిలోవాట్ ఒక గంటసేపు పారితే ఒక యూనిట్. కుళాయి పొద్దున సన్నగా మొదలై మధ్యాహ్నం లావై సాయంత్రం ఆగిపోతుంది. మొత్తం మీద మన వైపు కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు అనుకోవచ్చు. వానాకాలంలో తగ్గుతుంది. కిలోవాట్‌కి డాబా మీద వంద చదరపు అడుగుల నీడపడని చోటు ఉంచుకోండి.

సబ్సిడీ ప్రధానమంత్రి సూర్యఘర్ కింద. 2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం. మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, వెరసి 78,000. ఆ పైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. మన దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్ళయితేనే ఇస్తారు, కొనేటప్పుడు బిల్లులో చూసుకోండి. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళు వచ్చి చూసి నెట్ మీటర్ పెట్టాకే డబ్బు ఖాతాలో పడేది.

పరవాడ_ప్రశ్న | ఆదివారం, రాత్రి 10:50

తుపానొస్తే ఆ ప్యానెళ్ళు కైలాసగిరి మీదకి ఎగిరిపోతాయి. అదీ రాసుకోండి బిల్లులో.

భీమిలి_గాలి | ఆదివారం, రాత్రి 11:04

అది మాత్రం ఎగతాళి చేసే మాట కాదు, నిజంగా అడగాల్సిందే. ఫ్రేమ్ కాళ్ళు ఊరికే ఇటుకల మీద ఆనించిన ఇళ్ళు చూశాను. మాది శ్లాబు మీద కాంక్రీటు దిమ్మలు పోసి బోల్టులు బిగించారు. జింక్ పూత సరిగ్గా ముంచి తీసిన ఇనుము, స్టెయిన్‌లెస్ బోల్టులు కావాలని పట్టుబట్టాను. భీమిలిలో మామూలు బోల్టు రెండో వానాకాలానికే తుప్పు రాలుతుంది. కొత్తవాళ్ళు ప్యానెల్ ఎంత వాటేజ్ అని అడుగుతారు, బోల్టు ఏ లోహమని ఒక్కరూ అడగరు.

లాసన్స్‌బే_డాబా | సోమవారం, మధ్యాహ్నం 12:25

సెలవు పెట్టి మరీ చూశాను. నేను పైన, మా అబ్బాయి కింద మీటర్ దగ్గర, ఇద్దరి చెవుల్లోనూ ఫోన్లు. 11:52కి:

ఇన్వర్టర్ దగ్గర 259 వోల్టులు, 10 ఆంపియర్లు.
మీటర్ దగ్గర 246.

260 దాటగానే ఇన్వర్టర్ ఆగిపోయింది. ఆగిపోయాక రెండు చోట్లా 246! వాడు కింద నుంచి "నాన్నా, తప్పు చెబుతున్నావు" అని అరుస్తున్నాడు. నాలుగుసార్లు చూశాం. అదే వరస.

సింధు_ఈఈఈ | సోమవారం, మధ్యాహ్నం 12:41

దొరికింది. కరెంటు పారేటప్పుడే తేడా వస్తోంది, ఆగితే పోతోంది. అంటే ఇన్వర్టర్‌కీ మీటర్‌కీ మధ్య ఎక్కడో దారి ఇరుకైంది. అందులోంచి కరెంటుని తోయడానికి ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ పెరుగుతోంది, హద్దు దాటగానే అది ఆగిపోతోంది. మీ వైరు ఎంత పొడుగు, ఏం సైజు?

లాసన్స్‌బే_డాబా | సోమవారం, మధ్యాహ్నం 12:47

20 మీటర్లుంటుంది. కొటేషన్‌లో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అని ఉంది.

సింధు_ఈఈఈ | సోమవారం, మధ్యాహ్నం 12:58

రానూపోనూ 40 మీటర్లు. ఆ వైరులో 10 ఆంపియర్లు పారితే పోయేది 2 వోల్టుల లోపు. మీకు పోతున్నది 13. మిగతా 11 వోల్టులు ఒక జాయింట్‌లోనే పోతూ ఉండాలి. 11 వోల్టులు, 10 ఆంపియర్లు, అంటే 110 వాట్లు. వెనకటి గుండు బల్బు, వంద వాట్లది, గుర్తుందా? అలాంటిది మీ ఇంట్లో ఏదో మూసిన డబ్బాలో మధ్యాహ్నమంతా వెలుగుతోందన్నమాట.

యూనిట్లు తర్వాత చూద్దాం. దయచేసి ప్లాంట్ ఆపేయండి.

మీటర్_బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 1:03

ఆపెయ్. ఇప్పుడే. ముందు ఇన్వర్టర్ కాడ ఏసీ స్విచ్చి, తరవాత డీసీ ఐసొలేటర్, అదే ప్యానెళ్ళ నుంచి ఇడగొట్టే స్విచ్చి. ప్యానెల్ తీగల కనెక్టర్లు మటుకు పీకొద్దు, ఎండున్నంతసేపూ ఆటిలో వోల్టేజ్ ఉంటాది. డీసీ మెరుపు ఏసీ లాగ ఆరిపోదు, సాగి కాల్సేస్తాది. మంచి ఎలట్రీషన్ని పిలు. మీటర్ కాడ మెయిన్ తీశాకే డబ్బాల మూతలు తియ్యమను. ఏ డబ్బా గోరువెచ్చగా ఉన్నాదో ముందు దాన్ని సూడమను.

మర్రిపాలెం_మావయ్య | సోమవారం, మధ్యాహ్నం 1:30

దుమ్మన్నాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

లాసన్స్‌బే_డాబా | సోమవారం, రాత్రి 9:55

ఇప్పుడే కూర్చున్నాను. చెయ్యి ఇంకా వణుకుతోంది.

మెట్ల మలుపులో, చెప్పుల స్టాండు పైన, పిడికిలంత తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. నేను రోజూ దాని పక్కనుంచే డాబా ఎక్కుతాను. ఎలక్ట్రీషియన్ సాయంత్రం వచ్చి అరచెయ్యి దగ్గర పెట్టి "సార్, ప్లాంట్ ఆపి ఎంతసేపయింది?" అన్నాడు. నాలుగు గంటలు పైనే అన్నాను. మెయిన్ తీసి మూత విప్పాడు. లోపలి వైపు ప్లాస్టిక్ అంతా గోధుమరంగు, ఒక మూల పొంగి బుడగ కట్టింది. కాలిన వాసన గుప్పుమంది.

కొటేషన్‌లో మొత్తం రాగి వైరు అని కదా. అది డబ్బా దాకానే. అక్కణ్ణుంచి కిందకి మా ఇంటి పాత అల్యూమినియం వైరే వాడేశారు. రెండింటినీ మెలిపెట్టి టేపు చుట్టారు, అంతే. టేపు ముదురుపాకంలా కారి గడ్డకట్టింది. దాన్ని ఒలిస్తే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, అల్యూమినియం మీద తెల్లటి పొడి, వేలితో తాకితే పిండిలా రాలింది. ఎనిమిది పోగుల్లో రెండో మూడో అంటుకుని ఉన్నాయేమో, మిగతావన్నీ ఆ పొడి మీద తేలుతున్నాయి.

చెప్పుల స్టాండులో పాత పేపర్లు కూడా పెడతాం మేం. అంతకంటే రాయలేను.

మీటర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 10:12

బతికేసినావు బాబూ. రాగీ అల్యూమినియం నేరుగా కలిపితే ఎక్కడైనా సెడుతాది, మన సముద్రపు గాలికి ఇంకా ముందు సెడుతాది. ఉప్పు తేమ మద్దిన సేరితే ఆ జాయింటే సిన్న బ్యాటరీ అయిపోయి అల్యూమినియాన్ని తినేస్తాది. అదికాక మజ్జానం కాగి సాగడం, రాత్రి సల్లారి ముడుసుకోడం, రోజూ అదే వరస. అలగ ఒదులవుతాది. ఒదులైతే ఇంకా కాగుతాది. జనవరిల బాగున్నది మేలో కాలింది అందుకే. మా సర్వీసుల ఇలాటి జాయింట్లు ఎన్ని మార్సినామో నెక్క నేదు.

లాసన్స్‌బే_డాబా | సోమవారం, రాత్రి 10:20

మధ్యలో జాయింటే లేకుండా ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా ఒకే రాగి వైరు రేపు లాగుతానన్నాడు, చివర్లకి లగ్గులు (లోహపు తొడుగులు) వేసి, నొక్కి బిగించి. పెట్టిన కంపెనీకి ఫోటోలు పంపాను. "చూస్తాం సార్" అన్నారు.

అక్కయ్యపాలెం_అనూ | సోమవారం, రాత్రి 10:31

మా మెట్ల మీద డబ్బాలన్నీ ఇప్పుడే వెళ్ళి తడిమి వచ్చాను. చల్లగానే ఉన్నాయి. రేపు మధ్యాహ్నం మళ్ళీ చూస్తా.

లాసన్స్‌బే_డాబా | గురువారం, రాత్రి 8:30

మంగళవారం వైరు మార్చారు. బుధ, గురు రెండు రోజులూ ఎండ బాగా కాసింది. నిన్న 12.9, ఇవాళ 13.1. గ్రాఫ్ బోర్లించిన మూకుడులా నున్నగా ఉంది, ఒక్క పన్ను లేదు. మధ్యాహ్నం 12కి ఇన్వర్టర్ దగ్గర 247, మీటర్ దగ్గర 246. మా అబ్బాయి ఈసారి నన్ను నమ్మాడు.

సింధు గారి లెక్క ప్రకారం వేడికి పోయే అర యూనిట్ కలిపితే ఫిబ్రవరి అంకె దగ్గరికి వచ్చేసినట్టే. మా ఆవిడకి ఇప్పుడు ఒక జవాబు ఉంది. అత్తగారు మాత్రం డాబా మీద బట్టలారేసి దిగుతూ "పాపం, ఈ ఎండలో క్యూలో ఎంతమంది నిలబడ్డారో" అంటున్నారు.

సింధు_ఈఈఈ | గురువారం, రాత్రి 8:44

అత్తగారికి నా నమస్కారాలు. ఒక్కసారి అంకెలు రాసి పెట్టుకోండి, ప్రతి నెలా అదే టైముకి ఆ రెండు వోల్టేజ్‌లూ చూడండి. తేడా 3 దాటితే వెంటనే వెతకాలి.

మీటర్_బాబాయ్ | గురువారం, రాత్రి 9:15

బాగున్నాది. మరి వానలు దగ్గర పడుతున్నాయి, పిడుగులు కూడా. ఎర్తింగ్ గుంటల్ల నీళ్ళు పోస్తన్నావా?

లాసన్స్‌బే_డాబా | గురువారం, రాత్రి 9:21

ఏ గుంటలు బాబాయ్?